ప్లాస్టిక్ పిస్తోలులో దెయ్యం

ఏ పిస్తోలు చేతికిచ్చినా వైనో కెస్తిలా ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. మిగతా మనుషులు తుపాకీని తిప్పి చూస్తారు, బరువు చూసుకుంటారు, గోడమీది జింకతలకి గురి పెడతారు. ఈయన మాత్రం తూటాలు తీయించి, ఖాళీయేనని రెండుసార్లు తడిమి చూసుకుని, కళ్ళు మూసుకుని చెవికి ఆనించుకుంటాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, అందులో దెయ్యం ఉందో లేదో చెబుతాడు. ఉంటే ఏం చేస్తోందో కూడా చెబుతాడు.

మాది మిషిగన్ ఉత్తరపు కొసన, సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. మా నాన్న పెట్టిన తుపాకుల కొట్టు ఇప్పుడు నేను నడుపుతున్నాను. కొట్టు మధ్యలో కట్టెల పొయ్యి, పొయ్యిమీద కాఫీ, చుట్టూ కుర్చీలు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఏమీ కొనరు. కొనేవాళ్ళకి కూర్చునే చోటు దొరకదు. వైనో మా నాన్న స్నేహితుడు గనక పొయ్యికి దగ్గరి కుర్చీ ఆయనది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. చెవుల్లో వెంట్రుకలు గుబురుగా ఉంటాయి. వాటిని కత్తిరిస్తే వినపడదట.

పుర్రెకో బుద్ధి అంటారు గానీ, మా ఊళ్ళో పుర్రెకో పిస్తోలు. క్లిఫ్ ట్రెవారోది కోల్ట్. కోల్ట్ కానిదాన్ని ఆయన తుపాకీ అనడు, పనిముట్టు అంటాడు. నాది నాన్న వదిలివెళ్ళిన స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్. దాని చక్రం తిరిగే చప్పుడు విననిదే మా నాన్నకి నిద్ర పట్టేది కాదు. రూగర్ వాళ్ళు ఎక్కువ మాట్లాడరు, "గట్టిది, చాలు" అని కాఫీ తాగుతారు. దుంగల లారీ నడిపే లియో పెర్రోది ప్లాస్టిక్ ఒంటి గ్లాక్. బురదలో వేసి తొక్కినా, మంచులో పాతిపెట్టినా పేలమన్నప్పుడు పేలుతుంది, అందం కావాలంటే మా జీనెట్ ఉంది, అంటాడు. జీనెట్ ఆయన భార్య.

వైనోకి ఇవేవీ పట్టవు. ఆయన అభిప్రాయాలన్నీ దెయ్యాలమీదే.

"కోల్ట్ దెయ్యాలకి పొగరు. పిలిస్తే పలకవు," అనేవాడు.

"మరి స్మిత్?" అని నేను.

"ఏడుపుగొట్టు దెయ్యాలమ్మాయ్. మెత్తటివి. రూగర్‌లో ఉండేవి పనిమంతులు, చచ్చాక కూడా కట్టెలు పేరుస్తూనే ఉంటాయి."

"నా గ్లాక్ సంగతేంటి, పెద్దాయనా?" అని లియో అడిగి తీరేవాడు. జవాబు తెలిసీ అడిగేవాడు.

"ప్లాస్టిక్ బకెట్లో దెయ్యం కాపురముంటుందట్రా?"

కొట్టంతా నవ్వేది. లియో మొహం కందగడ్డయ్యేది. పిస్తోలు బాలేదంటే పడతాడు గానీ, దెయ్యానికి కూడా పనికిరాదంటే ఎవడు పడతాడు? ముప్పయ్యేళ్ళు ఇదే గొడవ. తన గ్లాక్‌ని మార్చి మార్చి రెండు చెవుల దగ్గరా పెట్టించేవాడు. "ఖాళీ," అనేవాడు వైనో. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

నవ్వులాటే గానీ, ఒళ్ళు జలదరించిన సందర్భాలూ ఉన్నాయి. ఊరి పక్కనున్న గని మూతపడిన ఏడాది, క్లిఫ్ ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న శీతాకాలం, వైనో ఆయన కోల్ట్ అడిగి తీసుకుని విన్నాడు. బయట గడ్డకట్టిన సరస్సు మూలుగుతోంది. మంచు బిగుసుకుంటున్నప్పుడు అలాగే మూలుగుతుంది, మాకది మామూలే. ఆ రోజు మాత్రం ఎవరూ కప్పు ఎత్తలేదు.

"ఎవరో మెట్లు దిగుతున్నారు," అన్నాడు వైనో, నెమ్మదిగా. "చివరి మెట్టు దగ్గర ఆగారు. అక్కడే కూర్చున్నారు. ఇప్పుడు లేవడం లేదు."

క్లిఫ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎందుకో ఎవరూ అడగలేదు.

"దీన్ని నా దగ్గర వదిలెయ్ క్లిఫ్. లేచి వెళ్ళిపోయేదాకా చూసుకుంటాను."

క్లిఫ్ ఇచ్చేశాడు. వైనో దాన్ని ఒక ఉన్ని మేజోట్లో దూర్చి ఇంటికి తీసుకెళ్ళాడు. ఆయన ఇల్లు ఊరి చివర, నీళ్ళని ఆనుకుని ఉంటుంది. నేలమాళిగలో మనిషి పట్టేంత ఇనప్పెట్టె. అందులో ఊరివాళ్ళ పిస్తోళ్ళు మేజోళ్ళు తొడుక్కుని పడుకునేవి. పొద్దువాలాక వాటికి తలా ఒక మాట చెప్పి పెట్టె మూసేవాడని, మూసాక లోపలనుంచి జవాబు వచ్చేదని చెప్పుకునేవారు. ఆ ఇంటి ముందు కుక్కలు కూడా నడక పెంచేవి. మంచు కరిగాక క్లిఫ్ కోల్ట్ క్లిఫ్‌కి వచ్చేసింది. "లేచి వెళ్ళిపోయారు," అన్నాడు వైనో. అంతే.

నా సంగతీ చెప్పాలి. నా మొగుడు పడవ బండికి కట్టుకుని, పడవతో పాటు ఇంకొకావిణ్ణి కూడా ఎక్కించుకుని వెళ్ళిపోయిన ఏడాది, వైనో వచ్చి నా రివాల్వర్ విన్నాడు.

"గిన్నెలు కడుగుతున్నారమ్మాయ్. కడిగినవే మళ్ళీ కడుగుతున్నారు. నీళ్ళు చల్లారిపోయినా ఆపడం లేదు."

చేతులమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. రివాల్వర్ నేనే మేజోట్లో పెట్టి ఇచ్చాను. దెయ్యం ఉందని నమ్మానా అంటే, నమ్మలేదు. ఇవ్వకుండా ఉండగలిగానా అంటే, అదీ లేదు.

మొన్నటి ఏడాది ఎండాకాలంలో జీనెట్ చచ్చిపోయింది. లియో గడ్డం గీసుకోవడం మానేశాడు. కొట్టుకి వచ్చేవాడు గానీ గ్లాక్ గురించి ఒక్క మాట అనేవాడు కాదు. డిసెంబరులో ఒక మధ్యాహ్నం, నాలుగింటికే చీకటి ముసురుకుంటుండగా లోపలికొచ్చి, మంచు తొలిచే బర్మా తెచ్చి నా బల్లమీద పెట్టాడు. అది లేకుండా మా సరస్సుమీద ఎవరూ శీతాకాలపు చేపలు పట్టలేరు.

"నువ్వుంచుకో మార్లిస్. నాకు అక్కర్లేదు."

"అదేంటి? మరి చేపలో?"

"ఈ ఏడు వెళ్ళను. క్లిఫ్, మంచుమీది నా గుడిసె నువ్వు తీసుకో. గాలాలు అందులోనే ఉన్నాయి."

"నిజంగానా? ఎంతిమ్మంటావ్?" అన్నాడు క్లిఫ్ సంబరంగా.

"ఊరికే."

నేను బర్మా పదును చూస్తున్నాను. క్లిఫ్ గుడిసెకి వేయబోయే రంగు గురించి మాట్లాడుతున్నాడు. వైనో మాత్రం కప్పు నోటిదాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేశాడు.

"లియో, నీ పిస్తోలు ఇటివ్వు," అన్నాడు.

"ఎందుకు? బకెట్ కావాల్సొచ్చిందా?"

"ఇవ్వరా."

లియో అలసటగా నడుంనుంచి తీసి, తూటాలు తీసేసి ఇచ్చాడు. వైనో ఖాళీయేనని రెండుసార్లు చూసుకుని చెవికి ఆనించుకున్నాడు. మేం నవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. పొయ్యిలో మంట తగ్గింది. బయట సరస్సు ఒకసారి మూలిగి ఆగిపోయింది. వైనో చాలాసేపు విన్నాడు. అంతసేపు ఏ పిస్తోలునీ వినలేదు. పెదవులు పాలిపోయాయి. కళ్ళు తెరిచి లియోని చూడలేదు, లియో భుజం వెనక ఎవరో నిలబడ్డట్టు అటు చూశాడు. నేనూ చూశాను. అక్కడ తలుపు తప్ప ఏమీ లేదు.

"ఉంది," అన్నాడు.

కొట్టు కప్పు ఎగిరిపోయేలా నవ్వులు.

"ప్లాస్టిక్‌లోనా?" అన్నాడు క్లిఫ్ కళ్ళు తుడుచుకుంటూ.

"ప్లాస్టిక్‌లోనే."

"ముప్పయ్యేళ్ళుగా లేదన్నావు కదయ్యా."

"తప్పు చెప్పాను."

వైనో నోట ఆ మాట వాళ్ళ అమ్మ కూడా విని ఉండదు. మొహం ఎర్రబడింది గానీ మాట మార్చలేదు. మేజోడు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. "ఇది నా దగ్గర ఉండాలి లియో."

"అక్కర్లేదు, ఇటిచ్చెయ్," అన్నాడు లియో. "అందులో దెయ్యం లేదు, గాడిదగుడ్డూ లేదు."

"అదీ మాట!" అని క్లిఫ్ తొడ చరిచాడు. "గ్లాక్‌లో దెయ్యం లేదని గ్లాక్ వాడే ఒప్పుకున్నాడు. అందరూ సాక్ష్యం."

లియో అడ్డంగా ఇరుక్కుపోయాడు. ఉందంటే పిస్తోలు పోతుంది. లేదంటే ముప్పయ్యేళ్ళ వాదం పోతుంది, అదీ కోల్ట్ వాడి ముందు. వైనో పిస్తోలుని రెండు చేతులా ఒళ్ళోకి అదుముకున్నాడు. ఆయన ఈ పిస్తోలు కోసం కాదు, ఈ మనిషి కోసం పట్టుకు కూర్చున్నాడని నాకప్పుడు అర్థమైంది. నా చేతిలో బర్మా బరువెక్కింది. ఉన్నవన్నీ పంచేసేవాడు ఎందుకు పంచేస్తున్నాడో ఆలోచించకుండా పదును చూసుకున్నదాన్ని నేను. క్లిఫ్‌కి కళ్ళతో సైగ చేస్తే, ఆయన నవ్వాపేశాడు.

"ఉందనే అంటావా?" అన్నాడు లియో చివరికి.

"ఉందంటున్నాను. కోల్ట్‌లో కూడా నేనింత పెద్దది వినలేదు."

"అందరూ విన్నారుగా?" అన్నాడు లియో మా వైపు తిరిగి. విన్నామన్నాం. "అయితే తీసుకుపో."

"ఇంకో సంగతి. ఇది కొత్త దెయ్యం, బెంగ పెట్టుకుంటుంది. రోజూ పొద్దున్నే మా ఇంటికొచ్చి దాన్ని పలకరించాలి. కాఫీ నేనిస్తాను."

ఆ శీతాకాలమంతా లియో లారీ పొద్దున్నే వైనో ఇంటి ముందు ఆగి ఉండేది. ఊరు మాత్రం వైనోని వదల్లేదు. ఆయన వాకిట్లో ఎవరో ప్లాస్టిక్ బకెట్ పెట్టి, ఇది కూడా విను అని చీటీ అంటించారు. పాల డబ్బా ఒకరు, పళ్ళ బ్రష్షు ఒకరు చెవి దగ్గర పెట్టబోయేవారు. మాట పడని మనిషి, మూగవాడిలా అన్నీ పడ్డాడు.

ఒకరోజు మాంసం, ఆలుగడ్డలు కూరిన పేస్టీలు పట్టుకుని నేనూ వెళ్ళాను. నేలమాళిగలోంచి మాట వినిపిస్తోంది. మెట్లమీద నుంచి వంగి చూశాను. ఇనప్పెట్టె మూసే ఉంది. లియో దాని ముందు ముక్కాలిపీట వేసుకుని, తలుపుకేసి చూస్తూ, జీనెట్‌కి మొదటిసారి లారీ నడపడం నేర్పిన సంగతి చెబుతున్నాడు. చప్పుడు చెయ్యకుండా వెనక్కొచ్చేశాను.

"నా గిన్నెల సంగతి నీకెలా తెలిసింది బాబాయ్?" అని వైనోని అడిగాను.

"మీ వంటింటి దీపం రోడ్డుమీదికి పడుతుంది."

"క్లిఫ్ మెట్లు?"

"వాళ్ళావిడ చెప్పింది." పేస్టీ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. "నీకు బాలేదు, తుపాకీ ఇటివ్వు అంటే మన ఊళ్ళో ఎవడిస్తాడమ్మాయ్? మొహంమీద తలుపేస్తాడు. నీ తుపాకీకి బాలేదంటే వెంటనే ఇస్తాడు. ఎవడికైనా తుపాకీ అంటే ప్రాణం కదా."

నాకు ఆయన్ని పట్టుకుని ఏడవాలనిపించింది. ఏడిస్తే పేస్టీ తినడం ఆపేస్తాడని ఊరుకున్నాను.

ఏప్రిల్ చివర మంచు విరిగి, సరస్సు నల్లగా కదలడం మొదలెట్టాక, లియో గడ్డం గీసుకుని కొట్టుకి వచ్చాడు. వైనో మేజోడు విప్పి, గ్లాక్ చెవికి పెట్టుకుని, "వెళ్ళిపోయింది," అన్నాడు.

"ఎలా వెళ్ళింది? కోల్ట్ దెయ్యంలా మర్యాదగా వెళ్ళిందా?"

"అంతకంటే మర్యాదగా."

లియో క్లిఫ్ వైపు చూసిన చూపు ఊరంతటికీ చెప్పుకోదగ్గది. మర్నాటికల్లా ఊళ్ళో గ్లాకులున్నవాళ్ళంతా మాదీ వినమని మా కొట్టు ముందు వరస కట్టారు. వైనో పొద్దుగూకేదాకా చెవి నొప్పెట్టేలా విన్నాడు.

అందరూ వెళ్ళాక నేను కాఫీ పోసిచ్చాను.

"ఇన్నేళ్ళలో ఒక్కదాంట్లోనైనా ఏమైనా వినిపించిందా బాబాయ్?"

"గాలి," అన్నాడు. "నీ దాంట్లో కాస్త తుప్పు."

తర్వాత లేచి పొయ్యిలో ఒక కట్టె వేశాడు.

"ఒక్కదాంట్లో," అన్నాడు. "ఆ రోజు లియోది తీసుకున్నప్పుడు, ఏదో ఒకటి కల్పించి చెప్పాలనే తీసుకున్నాను. చెవికి పెట్టుకోగానే జీనెట్ మాట్లాడింది. 'ఇది లియోకి ఇవ్వకు వైనో' అంది. నువ్వు మాట్లాడినంత స్పష్టంగా."

పొయ్యి పక్కనే ఉన్నా నా వీపు చల్లబడింది. తలుపువైపు చూడకుండా ఉండలేకపోయాను. వైనో నా చెయ్యి పట్టుకున్నాడు.

"లియోకి మాత్రం చెప్పకమ్మాయ్. ఇన్నేళ్ళలో నేను విన్న ఒకే ఒక్క దెయ్యం ఆ ప్లాస్టిక్ దాంట్లోనే ఉందని తెలిస్తే, వాడు చచ్చేదాకా నన్ను బతకనివ్వడు."

చెప్పలేదు. లియో లారీ బోర్డులు తప్ప ఏమీ చదవడు గనక ఇక్కడ రాస్తున్నాను.