సాయం చేసి తీర్చుకున్న పగ

ఆదోనిలోని ఒక బీఎడ్ కాలేజీలో తనను తరగతి ముందు నిలబెట్టి క్షమాపణ చదివించిన రోజున మహేశ్వరి ఏడవలేదు. "తోటి విద్యార్థి రాసిన వ్యాసాన్ని కాపీ చేసినందుకు క్షమించవలసిందిగా కోరుతున్నాను" అన్న చోట కూడా ఆగలేదు. చదివి, కాగితం బల్ల మీద పెట్టి, వెళ్ళి తన చోట కూర్చుంది. ఆ తోటి విద్యార్థి గురుదత్ రెండో వరుసలో కూర్చుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. తల ఎత్తలేదు.

ఆ వ్యాసం మహేశ్వరిదే. పేరు 'సుగ్గి పిల్లల చదువు'. కోసిగి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇక్కడ పనులు లేని నెలల్లో మూటాముల్లె కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. మహేశ్వరి అమ్మానాన్నలు హుసేనమ్మ, శేషప్ప ఏటా పోతారు. ఐదో తరగతి దాకా ఆమె కూడా వాళ్ళ వెంట పోయింది. మిరప చేను గట్టున తమ్ముణ్ణి ఆడించింది. నాలుగు నెలలకు తిరిగొస్తే బడిలో హాజరుపట్టీలో పేరు కొట్టేసి ఉండేది. లెక్కల్లో తను విడిచిపెట్టి పోయిన పాఠం ఒకటి, వచ్చేసరికి చెప్తున్న పాఠం ఇంకొకటి. ఆ మధ్యలో పోయినదాన్ని ఎవరూ చెప్పక, తనంతట తానే ఇసుకలో గీతలు గీసుకుని కనిపెట్టుకున్న వైనమంతా పద్దెనిమిది పేజీల్లో చేత్తో రాసింది.

రాసిన నోటుపుస్తకాన్ని గురుదత్ అడిగాడు. "ఒకసారి సూసి ఇస్తా మహేశ్వరీ. నాకు ఏం రాయాల్నో తోస్తల్యా" అన్నాడు. మంత్రాలయం దగ్గర సంస్కృతం చెప్పే వాదిరాజాచార్యుల కొడుకు, క్లాసులో లెక్కలకు మొదటివాడు. అడిగితే ఇవ్వకుండా ఎలా ఉంటుంది. ఇచ్చింది. అతను పేజీలన్నీ ఫోనులో ఫోటో తీసి, ఏఐకి ఇచ్చి, 'నేను' అన్న చోటల్లా 'ఒక పిల్ల' అని మార్చి మంచి తెలుగులో తిరగరాయమన్నాడు. సోమవారం టైపు చేసిన వ్యాసం ఇచ్చేశాడు. మహేశ్వరి బుధవారం ఇచ్చింది.

రెండూ చదివాక, ఆ వ్యాసాలు రాయమన్న ఉరుకుందప్ప సారు ఆమెనే పిలిచారు. "సంగతులు ఒకటే, వరుస ఒకటే. అతను ముందు ఇచ్చినాడు. అతని తెలుగు సూడు, నీ తెలుగు సూడు. ఎవరిది సూసి ఎవరు రాసినారో నేను సెప్పాల్నా?" అన్నారు. చేలో తమ్ముణ్ణి ఆడించింది నేనే సార్ అని ఆమె చెప్పబోయింది. ఆయన వినలేదు.

ఆ సాయంత్రం మహేశ్వరి గురుదత్‌ను మెట్ల దగ్గర ఆపింది. అతను తప్పించుకోలేదు. ఫోను తీసి చూపించాడు.

"నీది నేను కాపీ కొట్టల్యా మహేశ్వరీ. ఏఐ రాసింది. ఒక్క వాక్యమన్నా నీది ఉంటే సూపియ్యి."

చూసింది. నిజంగానే ఒక్క వాక్యం కూడా తనది కాదు. తన పదేళ్ళ బతుకు మాత్రం ఉంది. "సరే" అని మెట్లు దిగింది. సుగ్గిలో ఉన్న అమ్మానాన్నలకు ఫోను చేసినప్పుడు ఈ సంగతి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. కడుపులో పెట్టుకుంది.

పగ ఎలా తీర్చుకోవాలో ఆమెకు వెంటనే తోచలేదు. నెల గడిచాక ఒకనాడు, నలుగురు పిల్లల మార్కుల సగటు కోసం గురుదత్ ఫోనును అడగడం చూసింది. అంతకుముందు పెన్ను ముట్టకుండా వర్గమూలాలు చెప్పేవాడు. సూత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పందే ఏ లెక్కా వదిలేవాడు కాదు. అలాంటివాడు నలుగురి సగటుకు ఫోను తీశాడు. మహేశ్వరికి దారి దొరికింది. ఇతని దగ్గర ఉన్నది ఆ బుర్ర ఒకటే. నా బతుకు తీసుకున్నాడు కదా, ఆ బుర్ర నేను తీసుకుంటాను అనుకుంది.

మర్నాటి నుంచి అతనితో మంచిగా మాట్లాడడం మొదలుపెట్టింది. గురుదత్‌కు ముందు అనుమానం, తర్వాత సిగ్గు, చివరకు నిశ్చింత కలిగాయి. ఆమె మరిచిపోయింది అనుకున్నాడు.

"లెసన్ ప్లాన్ రాసేదానికి రెండు గంటలు కూర్చుంటాండావు ఎందుకప్పా? పాఠం పేరు సెప్పి అడుగు, అదే రాసిస్తాది. తరగతి, నిమిషాలు, బోర్డు మీద ఏం రాయాల్నో అన్నీ అడుగు" అని తనే నేర్పింది. పిల్లలు అడగబోయే ప్రశ్నలు కూడా దాన్నే ఊహించమని, జవాబులూ దాన్నే ఇమ్మని చెప్పింది. ఎప్పుడైనా అతను కాగితం తీసుకుని ఏదో గీస్తుంటే పక్కకు వెళ్ళి, "ఈ కాలంలో ఇట్ల ఎవరు సేస్తార్రా" అని నవ్వేది. ఆ నవ్వు పనిచేసేది. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాడు.

తను మాత్రం హాస్టలు గదిలో వేరే రకంగా ఉండేది. ఏ పాఠమైనా ముందు తను రాసుకునేది. రాసింది కొట్టేసి మళ్ళీ రాసేది. ఎక్కడా ఇరుక్కోలేదు అనుకున్నాకే ఫోను తీసి, నా జవాబులో తప్పు పట్టు అని అడిగేది. అది తప్పు పడితే దానితో వాదించేది. రెండుసార్లు ఏఐదే తప్పని తేల్చింది. అలాంటి రోజున ఆమెకు అన్నం రుచిగా ఉండేది.

గురుదత్‌కు ఆమె చెప్పే సలహాలన్నీ పక్కన కూర్చునే కృతి విన్నది. ఆదోని పిల్ల, మెత్తటి మనిషి. క్షమాపణ చదివిన రోజున ఎవరూ పలకరించకపోతే తన డబ్బాలోంచి బొరుగుల ఉగ్గాని సగం మూతలో పెట్టి మహేశ్వరికి ఇచ్చింది ఆమె ఒక్కతే.

"ఏమే, నేను గూడా అట్లనే ఏఐతో రాయించుకునేదా? పొద్దుపోతాంది నాకు" అని కృతి ఒకరోజు అడిగింది.

వద్దంటే ఎందుకంటుంది. ఎందుకో చెబితే కృతి నోట్లో మాట దాగదు. గురుదత్ వెనకే కూర్చుని ఉన్నాడు.

"నీ ఇష్టం" అంది మహేశ్వరి.

ఏడాది తిరిగింది. అతను పాడవుతున్న తీరును మహేశ్వరి దగ్గరుండి చూసింది. ముందు సూత్రం ఎందుకు అని అడగడం మానేశాడు. తర్వాత ఫోను ఇచ్చిన జవాబు తప్పైనా పట్టుకోలేకపోయాడు. చివరికి ఒక పేజీ చదివి అందులో ఏముందో చెప్పమంటే, "ఆగు, కుదించి ఇమ్మంటా" అనడం మొదలుపెట్టాడు. మార్కులు మాత్రం తగ్గలేదు. రికార్డులన్నీ ముత్యాల్లా ఉండేవి. ఉరుకుందప్ప సారు వాటిని జూనియర్లకు చూపించేవారు. చూపించినప్పుడల్లా మహేశ్వరి లోపల ఒకటే మాట అనుకునేది. కానీయ్, ఇంకా పైకి ఎక్కనీ.

చివరి ప్రాక్టికల్ పరీక్ష పెద్దకడుబూరు వైపు ఒక హైస్కూల్లో పెట్టారు. నిజంగా బడిపిల్లల ముందు పాఠం చెప్పాలి. పరీక్షకురాలిగా వచ్చిన రమాబాయి మేడం ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఫోన్లన్నీ ఆఫీసు గదిలో పెట్టించారు. లెసన్ ప్లాన్లు తీసుకుని తన దగ్గరే పెట్టుకున్నారు. "రాసింది బాగుంది. ఇప్పుడు సెప్పండి" అన్నారు.

మొదటి పిలుపు గురుదత్‌ది. ఏడో తరగతి, భిన్నాల భాగహారం. మహేశ్వరి, కృతి తమ వంతు కోసం వెనక బెంచీలో కూర్చున్నారు. గురుదత్ బాగానే మొదలుపెట్టాడు. అరను పావుతో భాగించాలంటే పావును తిరగేసి గుణించాలి, జవాబు రెండు అని బోర్డు మీద రాశాడు. ముందు బెంచీలో ఒక పిల్ల లేచింది.

"సార్, అర రొట్టెను భాగిస్తే రెండు రొట్టెలు ఎట్ల అయితాయి? భాగిస్తే తగ్గాల గదా?"

గురుదత్ మళ్ళీ సూత్రం చెప్పాడు. తిరగేసి గుణించాలమ్మా అన్నాడు.

"ఎందుకు తిరగేయాల సార్?"

గురుదత్ బోర్డు వైపు తిరిగాడు. సుద్దముక్క ఎత్తాడు. ఏమీ రాయలేదు. చెయ్యి తెలియకుండానే ప్యాంటు జేబు మీదికి పోయింది. అక్కడ ఫోను లేదు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. పిల్లలు ముందు ఎదురుచూశారు, తర్వాత గుసగుసలాడారు, తర్వాత ఒకడు నవ్వాడు. రమాబాయి మేడం, "నిదానంగా ఆలోచించు నాయనా" అన్నారు. ఆ మాటకు అతని మొహం పాలిపోయింది. ఆలోచించడం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో అతనికి తెలియడం లేదని మహేశ్వరికి అర్థమైంది. ఆ నిమిషాన్ని ఆమె చివరిదాకా తాగింది. కన్ను కూడా మూయలేదు.

తర్వాతి వంతు తనదే. వేరే పాఠం తయారు చేసుకుంది గానీ, మేడాన్ని అడిగి ఆ పిల్ల ప్రశ్నతోనే మొదలుపెట్టింది. ఆ పిల్లను ముందుకు పిలిచి కాగితాన్ని గుండ్రంగా చించి ఇచ్చింది. "ఇది జొన్నరొట్టె. సగం సెయ్యి. ఈ సగంలో పావు ముక్కలు ఎన్ని వస్తాయో సించి సూడు" అంది. పిల్ల చించింది. రెండు అంది. కాసేపు చేతిలోని ముక్కల్ని చూసి, "రెండు రొట్టెలు కాదు, రెండు ముక్కలు" అంది. తరగతిలో గుసగుసలు ఆగిపోయాయి. మహేశ్వరి కళ్ళు మాత్రం తలుపు పక్కన నిలబడ్డ గురుదత్ మీదే ఉన్నాయి.

మధ్యాహ్నం కృతి వంతు. త్రిభుజ వైశాల్యం. భూమిని ఎత్తుతో గుణించి సగం చేయాలి అని చెప్పింది. సగమే ఎందుకు అని మేడమే అడిగారు. కృతి నోరు తెరిచింది. పొద్దున గురుదత్ నిలబడ్డట్టే నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొద్దున్నుంచి ఉన్న సంతోషం పోయి, 'నీ ఇష్టం' అని తను కృతితో అన్న రోజు మహేశ్వరికి గుర్తొచ్చింది.

గురుదత్, కృతి ఇద్దరూ తప్పారని మేడం చెప్పారు. సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు గురుదత్ దగ్గరికి వచ్చాడు. "నాకు ఏమైందో నాకే తెలుస్తల్యా" అన్నాడు.

"నాకు తెలుసు. నేనే సేసినా" అంది మహేశ్వరి. పూసగుచ్చినట్టు చెప్పింది. ఎప్పుడు మొదలుపెట్టిందీ, ఎందుకు నవ్విందీ, జేబులో పెట్టించిన కాగితాలతో సహా చెప్పింది. అతను తిడతాడనుకుంది. ఎన్నాళ్ళుగానో ఆ తిట్టు కోసమే ఎదురుచూసింది.

గురుదత్ తిట్టలేదు. "నువ్వు సెప్పకపోయినా నేను అట్లనే సేసేవాన్నేమో" అన్నాడు. "నీ నోటుపుస్తకం తీస్కుని ఏఐకి ఇచ్చేటప్పుడు నువ్వేం సెప్పల్యా గదా." ఆగి, "సప్లిమెంటరీ ఉంది. నాకు మొదట్నుంచీ సెప్తావా?" అని అడిగాడు.

"సెప్పను" అంది. బస్సు వచ్చింది. ఎక్కింది. ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ ఆమె బాధపడదు.

కృతి సంగతి వేరు. మర్నాడే ఆదోనిలో వాళ్ళింటికి పోయి, మిద్దె మీద కూర్చోబెట్టి, నేను నేర్పిస్తాను అంది. కృతి సంబరపడింది. ఆ సంబరం చూశాక దాచలేక జరిగిందంతా చెప్పేసింది. నువ్వు అడిగిన రోజున వద్దని చెప్పాల్సింది, పగ బయటపడుతుందని చెప్పలేదు అంది.

కింద నుంచి వాళ్ళమ్మ కాఫీ తాగుతారా అని అడిగితే, ఒకటి సాలమ్మా అని కృతి కేకేసింది. తర్వాత కాగితం ముందుకు లాక్కుంది.

"నీకూ వానికీ పగ ఉంటే మీరు మీరు పడల్ల. నా తలకాయ యాడ నుంచి వచ్చింది మధ్యలో? సెప్పు, సగం ఎందుకో సెప్పు. పరీక్ష దాకా వస్తా. తర్వాత నువ్వెవరో నేనెవరో."

పందొమ్మిది రోజులు కూర్చున్నారు. జవాబు ముందు చెప్పకూడదని మహేశ్వరి పట్టుబట్టింది. మొదటి వారం కృతి ప్రతి లెక్క దగ్గరా ఫోను కోసం చెయ్యి చాచేది, విసుక్కునేది, ఒకసారి కాగితాలు విసిరికొట్టింది. పదకొండో రోజున మాత్రం, దీర్ఘచతురస్రాన్ని మూల నుంచి మూలకు మడిచి, ఎవరూ చెప్పకుండా తనే, "రెండు త్రిభుజాలే ఇవి" అంది. మహేశ్వరి వైపు చూడకుండా ఇంకో కాగితం తీసుకుంది.

కృతి సప్లిమెంటరీలో పాసైంది. గురుదత్‌కు ఇంకో ఏడాది పట్టింది. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో మహేశ్వరి కనుక్కోలేదు. ఆమె ఇప్పుడు ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతోంది. బస్సులో అప్పుడప్పుడు కృతి కనిపిస్తుంది. ఆమె సి.బెళగల్ దగ్గర బళ్ళో పనిచేస్తోంది. మహేశ్వరి పక్క సీటు ఖాళీగా ఉన్నా వెనక్కి పోయి నిలబడుతుంది. మహేశ్వరి పిలవదు. ఒళ్ళో పిల్లల పరీక్ష కాగితాలు పెట్టుకుని, కుదుపుల మధ్యే దిద్దుకుంటూ పోతుంది.