పిన్ని కారులో పసుపు దీపం

మా పిన్ని సోఫా కవర్లు కుడుతుంది. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క, ఎడమ చేతికి వాళ్ళ నాన్నగారిచ్చిన పాత కీ గడియారం, ఇదీ ఆవిడ అలంకారం. ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీల్ని పలకరిస్తుంది. ‘‘పాపం, దీని చేతులు ఎంత నలిగిపోయాయో’’ అని నిమిరాక గానీ ఇంటావిడ క్షేమం అడగదు. కొలతలకీ, కుట్టినవి తొడిగి చూడడానికీ ఊరంతా తిరగాలి. స్పాంజి దిమ్మలతో బస్సెక్కనివ్వరు. అందుకని ఒక కారు. అది ఎంత పాతదంటే, దాని రంగేమిటో మా ఇంట్లో ఏ ఇద్దరికీ ఒక్క మాట కుదరదు.

మొదట్లో దాన్ని నడిపింది బాబాయి, లారీలు నడిపి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి ఆయన కుడి చెయ్యి, కుడి కాలు చెప్పిన మాట వినడం మానేశాక పిన్ని డ్రైవింగ్ నేర్చుకుంది. మేమెవరం నమ్మలేదు. ఎందుకంటే పిన్ని పెళ్ళైన కొత్తలో సైకిలు మీంచి పడి, ఆ సాయంత్రమే సైకిల్ని పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. ఇస్త్రీపెట్టె ఒకసారి షాకు కొట్టింది, అప్పట్నుంచి ఇంట్లో ఇస్త్రీ బాబాయిదే. ఒక వస్తువు మీద నమ్మకం పోతే మళ్ళీ దాని మొహం చూడదు. అలాంటి మనిషి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని స్టీరింగు పట్టుకుంది. పక్క సీట్లో బాబాయి, వెనక స్పాంజి దిమ్మల మధ్య నేను. నేను వాళ్ళ పై వాటాలోనే ఉంటాను కాబట్టి ఆఫీసు దాకా నన్ను దింపే పూచీ కూడా ఆవిడదే.

బాబాయికి ఆ పక్క సీటే లోకం. పొద్దున పిన్ని భుజం పట్టి మెట్లు దింపితే కారెక్కేవాడు, సాయంత్రం ఇంటికొచ్చాక ఇక మంచం దిగేవాడు కాదు. డాక్టరు నడవమన్నాడు, కుడి చేతికి పని చెప్పమన్నాడు. పిన్ని రబ్బరు బంతి కొనిచ్చింది. ‘‘నేనేమన్నా పసిపిల్లాడినా, బంతితో ఆడడానికి’’ అని మూతి ముడుచుకున్నాడు. బంతి మంచం కిందకి దొర్లిపోయి దుమ్ము పట్టింది.

ఒకరోజు కారులో స్పీడు చూపించే ముల్లు పక్కన, ఇంజను బొమ్మతో చిన్న పసుపు దీపం వెలిగింది.

‘‘ఏవండీ, ఏమిటిది?’’ అంది పిన్ని. కాలు అప్పుడే బ్రేకు మీదకి వెళ్ళింది.

‘‘ఏం లేదు. చలికి అలా వెలుగుతుంది. రేపటికి ఆరిపోతుంది, పోనీ’’ అన్నాడు బాబాయి నిమ్మకు నీరెత్తినట్టు.

ఆ సాయంత్రం నేను బట్టలు ఆరేస్తూ కిందకి చూస్తే, బాబాయి ఒక్కడే కర్ర పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. లోపల పిన్ని కుట్టుమిషను గడగడలాడుతోంది. నేను పరుగున దిగేసరికి ఆయన బానెట్ ఎత్తి, ఎడమ చేత్తో పానా తిప్పుతూ, వణికే కుడి చేత్తో బ్యాటరీ వైరు పట్టుకుని ఉన్నాడు.

‘‘వైరు కాసేపు ఊడదీస్తే దీపం ఆరిపోతుందమ్మాయ్. మీ పిన్నికి చెప్పకు. ఒక్కసారి భయపడిందంటే తాళాలు గోడకి తగిలించేస్తుంది. ఇక మీ పిన్ని పని పోతుంది, నేను మంచానికి అతుక్కుపోతాను’’ అన్నాడు.

‘‘మెకానిక్‌కి చూపించొచ్చు కదా బాబాయ్.’’

‘‘ఫోన్లో అడిగాన్లే. నడపొచ్చన్నాడు.’’

పొద్దున దీపం లేదు. పిన్ని హాయిగా ఊపిరి పీల్చుకుంది. దీపం మళ్ళీ కొన్నాళ్ళకి వచ్చింది, మళ్ళీ బాబాయి దిగాడు. అలా ఎన్నిసార్లో. వైరు తీస్తే కారులోని గడియారం కూడా పన్నెండుకి వెళ్ళిపోతుంది. దాని కింద గుండుసూది తలంత మీట ఉంది గానీ బాబాయి వేలు దాని మీద నిలవదు, జారిపోతుంది. అయినా తెల్లారేసరికి గడియారం సరైన టైమే చూపించేది. ‘‘చూశావా, దానంతటదే సర్దుకుంటుంది. పాత కార్లంటే ఏమనుకున్నావు’’ అని నా చెవిలో గొప్పలు పోయేవాడు. లారీల్లో గడియారాలుండవు కదా, నిజంగానే నమ్మాడు.

ఒక వానరోజు పిన్ని ఒకావిడ సోఫాలకి కవర్లు తొడగడానికి బయల్దేరింది. వంతెన ఎక్కుతుండగా కారు ఎక్కిళ్ళు పట్టినట్టు అదరడం మొదలెట్టింది. పసుపు దీపం వెలిగింది. ఈసారి నిలకడగా లేదు, మిణుకుమిణుకుమంటోంది.

‘‘ఇవాళ కన్ను కొడుతోందేమిటండీ ఇది?’’

బాబాయి ముందుకి వంగి దీపం వైపు చూశాడు. ‘‘పక్కకి తీసి ఆపు.’’

‘‘ఇంకెంత దూరం, ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది.’’

‘‘ఆపమంటున్నానా.’’

పిన్ని ఇండికేటర్ వేసి, మెల్లగా అంచుకి తెచ్చి, ఇంజను ఆపింది. బాబాయి తల దించుకుని అంతా చెప్పేశాడు. దీపం నిలకడగా ఉంటే మెల్లగా నడుపుతూ, త్వరగా తెచ్చి చూపించమన్నాడట మెకానిక్. మిణుకుమంటే మాత్రం ఉన్నచోటే ఆపెయ్యాలట, కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి అక్కడ మండుతుందట. ‘‘నడపొచ్చన్న మాటే చెవిన వేసుకున్నాను. చూపిస్తే నీకు తెలిసిపోతుంది. నువ్వు మానేస్తావని...’’

పిన్ని టేపు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

‘‘గడియారం ఎవరు సరిచేస్తున్నారనుకున్నారు?’’ అంది చివరికి.

బాబాయి తలెత్తాడు.

‘‘మొదటి రోజు పొద్దున్నే గడియారం తప్పుగా ఉంటే అనుమానం వచ్చింది. రెండోసారి కిటికీలోంచి చూశాను. మెట్లు మీరొక్కరే దిగుతున్నారు. నేను బతిమాలితే దిగలేదు, డాక్టరు చెబితే దిగలేదు. ఆ దీపం చెబితే దిగారు. నేనెందుకు నోరు విప్పుతాను? మిషను ఆగితే మీరు కంగారుపడి ఎక్కడ పడిపోతారోనని, మీరు మళ్ళీ మంచమెక్కేదాకా గుడ్డ లేకుండానే తొక్కుతూ కూర్చునేదాన్ని.’’

నేను స్పాంజి దిమ్మ వెనక మొహం దాచుకున్నాను. ఏడుపొచ్చింది మరి.

‘‘నీకు భయం వెయ్యలేదా?’’ అన్నాడు బాబాయి.

‘‘రోజూ వేస్తుంది. మీరు పక్కనుంటారు కదాని నడుపుతున్నాను. ఇద్దరం చేరి ఈ పిచ్చిదాని నోరు మాత్రం నొక్కేశాం’’ అని స్టీరింగు మీద తట్టింది. సోఫా చేతుల్ని నిమిరినట్టే నిమిరింది.

మెకానిక్ వచ్చి కారుని తాడుతో లాక్కెళ్ళాడు. స్టీరింగు కింద ఏదో యంత్రం తగిలించి చూసి, నిప్పురవ్వ పుట్టించే కాయిల్ ఒకటి పాడైందని తేల్చాడు. ‘‘ఇంజను తన బాధ తనలోనే రాసిపెట్టుకుంటుంది పెద్దాయనా. మీరు వైరు పీకినప్పుడల్లా ఆ రాసుకున్నది చెరిగిపోయింది. ఇంకోసారి దీపం వస్తే ఆర్పకండి, తెచ్చి నాకు చూపించండి’’ అన్నాడు. కాయిల్ మార్చాక కారు పిల్లిలా మెత్తగా నడిచింది. పిన్ని తాళాలు గోడకి తగిలించలేదు. ఆ మర్నాడే వంతెన మీదుగానే వెళ్ళి ఆవిడ కవర్లు తొడిగొచ్చింది.

అయితే దీపం మళ్ళీ రాలేదు. బాబాయి సాయంత్రాలు మంచం మీదే గడిచిపోతున్నాయి. కింద మిషను గడగడలాడుతూ మధ్యలో ఆగేది. పిన్ని చెవులు రిక్కించి వింటోందని నాకు తెలుసు. కర్ర చప్పుడు ఉండేది కాదు. కాసేపటికి మిషను మళ్ళీ మొదలయ్యేది. ఒక కారు పాడైతే బాగుండునని నేను కోరుకున్నది అప్పుడే.

ఒకరోజు పొద్దున పిన్నీ నేనూ దిమ్మలు మోసుకుని బయటికొచ్చాం. మంచం ఖాళీగా ఉంటే బాత్రూములో ఉన్నాడనుకున్నాం. చూస్తే బాబాయి అప్పటికే పక్క సీట్లో ఉన్నాడు. పానా ఒళ్ళో ఉంది, దీపం రాకపోయినా మళ్ళీ వైరు ఊడదీశాడన్నమాట. ముందుకి వంగి, కుడి చెయ్యి చాపి, గడియారం కింద మీటని వేలితో వెతుకుతున్నాడు. వేలు జారింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది.

నేను పలకరించబోతే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. దిమ్మ గుండెకి ఆనించుకుని గోడ పక్కనే నిలబడింది. నాకు ఆఫీసుకి ఆలస్యమవుతోంది, అయినా నేనూ ఆగాను. ఆయన వెనక్కి చేరగిలబడ్డాక గానీ పిన్ని కదల్లేదు.

తలుపు తీసి కూర్చుంది. గడియారం చూసింది. అది ఆవిడ చేతి గడియారం కన్నా కాస్త వెనకబడి ఉంది.

‘‘చూశావా, దానంతటదే సర్దుకుంది’’ అన్నాడు బాబాయి, రోడ్డు వైపు చూస్తూ.

‘‘అవునండీ, నాదే ముందుకెళ్తోంది’’ అంది పిన్ని. చేతి గడియారం కీ బయటికి లాగి, ముల్లు వెనక్కి తిప్పి, కారు గడియారంతో కలిపి, అప్పుడు తాళం తిప్పింది.