కొట్టేయమన్న ఏడు కొలతలు

ఉద్యోగ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక జనవరి రెండో వారంలో, నన్ను హైదరాబాద్‌లోని మా పరిశోధనశాల నుంచి భద్రాచలం దగ్గరి అడవి అంచు ఊరికి ఆరు వారాల క్యాంపు మీద పంపారు. నా హోదా సీనియర్ టెక్నికల్ ఆఫీసర్. శాస్త్రవేత్తల కింద, టెక్నీషియన్ల పైన ఉండే హోదా అది. పరికరం పనిచేస్తే పేరు వాళ్లకు, చెడితే మాట మాకు. సొంతూరు ఆ వైపే ఉన్న వైరా కాబట్టి అక్కడి మాట తెలుస్తుందని నన్నే ఎంచారు.

మా విభాగం పని మెదడులోని నికోటిన్ గ్రాహకాల మీద. నాడీకణాలపై ఒంట్లో పుట్టే ఒక రసాయనం వచ్చి కూర్చోవడానికి ఏర్పడిన చోట్లు అవి. పొగాకులోని నికోటిన్ కూడా అక్కడే కూర్చోగలదు. రోజూ వచ్చి కూర్చుంటే కణం అలాంటి చోట్లను ఇంకా పెంచుకుంటుంది. అలవాటు వదలకపోవడానికి అదొక కారణం. పొగాకు వాడేవాళ్లను, వాడనివాళ్లను పోల్చాలంటే ముందు నిజంగా వాడనివాళ్లెవరో తేలాలి. అది తేల్చడమే నా పని.

గాజు గొట్టంలోని మూత్రంలో మందు కలిపితే, ఒంట్లో చేరిన నికోటిన్‌ను బట్టి ఎర్రరంగు తేలుతుంది. ఆ గొట్టం గుండా ఆకుపచ్చ కాంతి పంపి, అవతలికి ఎంత చేరిందో సిలికాన్ ఫోటోడయోడ్‌తో కొలుస్తాం. వెలుతురు పడితే కరెంటు ఇచ్చే గోరంత ముక్క అది. రంగు చిక్కబడిన కొద్దీ చేరే కాంతి తగ్గుతుంది. ఆ పెట్టెను నా చేతులతో కట్టాను.

మూడో వారంలో, పొగాకు అలవాటే లేదని చెప్పిన ఏడుగురు ఆడవాళ్ల కొలతలు చుట్టలు తాగే మగవాళ్లతో సమానంగా వచ్చాయి. మా ప్రాజెక్టు అధిపతి డాక్టర్ రాఘవరావు ఫోన్లో విని, మేం పరికరం పెట్టిన రేకుల షెడ్డు వేడికి డిటెక్టర్ చెడిందని తేల్చారు. ఆ ఏడూ కొట్టేసి వేరేవాళ్లను చూసుకోమన్నారు. నాకు ఒళ్లు మండింది. సరే సార్ అనలేదు, మూడు రోజులు గడువు అడిగాను.

వేడికి డయోడ్ తప్పు చూపే మాట నిజమే. చీకట్లో ఉన్నా దాని నుంచి కాస్త కరెంటు కారుతుంది. దాన్ని డార్క్ కరెంటు అంటాం, వేడితో అది పెరుగుతుంది. అయితే అప్పుడు లేని వెలుతురు ఉన్నట్టు కనిపించి, నికోటిన్ తక్కువ చూపాలి. మాకు వచ్చింది ఎక్కువ. అయినా వాదనతో సరిపెట్టుకోలేదు. మూడు రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం డయోడ్‌కు నల్ల మూత పెట్టి రీడింగ్ తీశాను. తెలిసిన పాళ్లలో కలిపిన ద్రావణాలతో సరిచూశాను. పెట్టెలో దోషం లేదు. ఆ ఏడుగురి నమూనాలు మళ్లీ తీస్తే ఇంచుమించు అవే అంకెలు.

అంటే వాళ్లే అబద్ధం చెప్పారనుకున్నాను. ఆశా కార్యకర్త రాజమ్మను వెంటబెట్టుకుని, ఆ ఏడుగురిలో ఒకరైన కుంజా సీతమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె తలకు గుడ్డ బిగించుకుని పందిరి కింద పడుకుని ఉంది. లేచి కూర్చోవడానికే రెండుసార్లు ప్రయత్నించింది. నెల నుంచి ఇదే వరస అని, ఆర్‌ఎంపీ డాక్టర్ మలేరియా సూదులు వేస్తున్నాడని రాజమ్మ చెప్పింది. దాస్తున్నావా అని నేను కాస్త కటువుగానే అడిగాను.

"నోట్లె ఎన్నడు పెట్టలే మేడం. పొద్దుగాల ఆకు పనికి పోయొస్తా. మధ్యాహ్నానికి కండ్లు తిరుగుతయి, వాంతులైతయి. వానకాలంల గిట్ల ఉండదు," అంది సీతమ్మ.

బీడీలు చుట్టే తునికాకు కోస్తే ఇలా అవుతుందా అని రాజమ్మనడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "తునికాకు ఎండకాలంల కదా మేడం. ఇప్పుడు అడవిల యాడిది? ఈ ఏడుగురు తెంపేది పొగాకు. వేంసూరు దిక్కు నుంచి ఒక రైతు కౌలుకొచ్చి ఏసిండు."

ఫారంలో పని అన్న గడి దగ్గర సీతమ్మతో సహా ఆ ఏడుగురూ చెప్పింది "ఆకు పని" అని. దాని పక్కన తునికాకు అని రాసింది నేను. అడవి ఊళ్లో ఆకు అంటే ఇంకేముంటుందని అడగనేలేదు. సిగ్గేసింది. తెల్లవారుజామున మంచుకు తడిసిన పొగాకు తెంపితే, నికోటిన్ ఆ నీళ్లలో కరిగి చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. నోట్లో పెట్టాల్సిన పనిలేదు.

ఆ సాయంత్రమే రిపోర్టు పంపాను. డిటెక్టర్ సరైనదే, తప్పు ఫారంలో ఉంది, ఆ ఏడుగురినీ కొట్టేయకుండా వేరే వర్గంగా ఉంచాలని రాశాను. ఫారం నింపింది ఎవరని రాఘవరావు గారు అడిగారు. నేనే అన్నాను. రెండు రోజుల తర్వాత ఒప్పుకుంటూ ఉత్తర్వు వచ్చింది.

సీతమ్మ గొట్టం, మామూలు నీళ్ల గొట్టం పక్కపక్కన పెట్టి ఆ ఏడుగురికీ, రైతుకూ చూపించి, మంచు ఆరాకే ఆకు తెంపించమన్నాను. చేతి తొడుగులు ఇస్తాను గానీ ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్‌లో దాన్ని ఎక్కించే వేళ దాటకూడదని రైతు పట్టుబట్టాడు. మర్నాడు సీతమ్మ చేను గట్టు మీద కూర్చుంది. మంచు ఆరేదాకా దిగనంది. మిగతా ఆరుగురూ ఆమె పక్కనే కూర్చున్నారు. నాలుగో రోజుకు రైతు వేళ మార్చాడు. క్యాంపు ఎత్తేసేలోగా సీతమ్మ గొట్టంలో రంగు బాగా పలచబడింది. సూదులు ఆగిపోయాయి.

పెట్టెను తప్పుపట్టే ముందు మూడు రోజులు పరీక్షించాను. ఆ ఆడవాళ్లను అబద్ధాలకోరులు అనుకోవడానికి నాకు ఒక పూట కూడా పట్టలేదు. నా చేతిరాతను మాత్రం అసలు అనుమానించలేదు. ఆ తర్వాత మిగిలిన నాలుగేళ్లూ నేను నింపిన ప్రతి ఫారాన్నీ చెప్పినవాళ్లకే చదివి వినిపించి, వాళ్లు అవునన్నాకే సంతకం పెట్టాను.