బావమరిది కుంటిన రోజు

మా పెదనాన్నగారి అబ్బాయిని అందరూ సుత్తి అన్నయ్య అంటారు. కబుర్ల సుత్తి అనుకునేరు, ఆ విద్య ఆయనకు బొత్తిగా రాదు. నిజం సుత్తే. లారీలను రోడ్డు మీద ఆపి తనిఖీ చేసే ఉద్యోగం ఆయనది. చక్రాల నట్లు ఒక్కొక్కటీ సుత్తితో కొట్టి, మోత విని, బిగువుందో లేదో చెప్పేవాడు. ఇంట్లో కుర్చీనైనా వేలితో కొట్టి చూడనిదే కూర్చోడు. "నయం, నన్నింకా కొట్టి చూడలేదు" అంటుంది వదిన.

ఒకసారి వాలు రోడ్డు మీద, బ్రేకులు పట్టని లారీ ఒకటి వెనక్కి జారి ఆయన ఎడమ పాదం మీదుగా పోయింది. పాదం మిగిలింది గానీ పాత నడక మిగల్లేదు. అప్పటినుంచి కుంటుతూనే ఉద్యోగం చేసి, కుంటుతూనే రిటైరయ్యాడు.

వదిన తమ్ముడిదీ అదే శాఖ. కాకపోతే ఆయన పైఅంతస్తు మనిషి. రోడ్డు భద్రతకని ప్రభుత్వం ఇచ్చే గ్రాంటుల కోసం దరఖాస్తులు రాయడం ఆయన పని. అందుకే గ్రాంటు బాబు అయ్యాడు. లారీని కిటికీలోంచి తప్ప చూసి ఎరగడు. మనిషి మాత్రం మాటల పుట్ట. లిఫ్టులో ఎక్కినవాడితో దిగేలోపు చుట్టరికం కలిపేస్తాడు.

రిటైరయ్యాక బావా బావమరుదులిద్దరూ కలిసి టైర్ల దుకాణం మీద ఒక గది తీసుకుని, వాహన తనిఖీ శాఖలకు సలహాలిచ్చే కన్సల్టెన్సీ పెట్టారు. ఒకరికి రోడ్డు తెలుసు, ఇంకొకరికి గ్రాంటు వచ్చే దారి తెలుసు. టైపింగుకు నేను. గదంతా ఎప్పుడూ రబ్బరు వాసన. ఇంటికెళ్లాక కూడా నా చీరల్లోంచి పోయేది కాదు.

ఒక శాఖవారు తమ కొత్త ఇన్‌స్పెక్టర్లకు శిక్షణ ఇప్పించాలనుకున్నారు. ముఖ్య శిక్షకుణ్ని వాళ్లే ఎంచుకుంటారట. ఎప్పుడూ ఏదీ అడగని అన్నయ్య ఆ ఒక్కటీ అడిగాడు.

"అది నాకు కావాలిరా" అన్నాడు బాబుతో. "ఆ పిల్లల్లో ఒక్కడు కూడా నాలా నడవకూడదు."

"నీకు కాక ఇంకెవరికి బావా! గ్రాంటు సంగతి నేను చెప్పి, నీ సంగతి మొదలుపెడతాను. నువ్వు అందుకో."

మీటింగు రోజున అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పొడవాటి బల్లకు అవతల ఆ శాఖ మేడం, ఆమెకు చెరోపక్క ఇద్దరు అధికారులు.

"ముందు మీ నేపథ్యం చెప్పండి" అంది మేడం.

బాబు లేచి తెర దగ్గరికి నడిచాడు. ఎడమ కాలు ఈడుస్తూ నడిచాడు.

"వాడి కాలికేమైందే?" అన్నయ్య నా చెవిలో ఆదుర్దాగా అడిగాడు.

"కొత్త బూట్లు కరిచాయేమో" అన్నాను. దేవుడి సాక్షిగా అదే అనుకున్నాను.

బాబు గొంతు సవరించుకున్నాడు. "నా నేపథ్యం లారీల కింద ఉందండీ" అంటూ మొదలుపెట్టాడు. వాలు రోడ్డు, పట్టని బ్రేకులు, నలిగిన పాదం, ఒక్కటీ వదల్లేదు. చివర్లో గొంతు తగ్గించి, "రోడ్డు మీద పడి అమ్మా అని ఏడుస్తుంటే, ఆ డ్రైవరే నా తలను ఒళ్లో పెట్టుకుని నాతోపాటు ఏడ్చాడు" అన్నాడు. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

అప్పుడు మా వైపు చెయ్యి చూపించాడు. "వీరు మా బావగారు. ఫీల్డులో నాకు చేదోడు వాదోడు."

అన్నయ్య తన ఎడమ పాదాన్ని మెల్లగా కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఒకే కంపెనీలో ఇద్దరు ఒకే కాలితో కుంటితే బాబు పరువేం కావాలి? మీటింగు అయ్యాక కూడా గదిలోవాళ్లంతా వెళ్లిపోయేదాకా లేవలేదు. దొంగ దర్జాగా కుంటుకుంటూ వెళ్తుంటే, సొత్తు పోయినాయన దాక్కున్నాడు.

మెట్ల దగ్గర బాబును పట్టుకుని, "ఏంట్రా అది?" అన్నాడు.

"కోప్పడకు బావా. నువ్వైతే 'లారీ ఎక్కింది, కాలు పోయింది' అని కూర్చుంటావు. కథన్నాక చెప్పేవాడుండాలి. ఎలాగైతేనేం, పని మనింటికే వస్తుంది కదా!"

"మరి ఆ కుంటడం?"

"అదా... మాటకు కాస్త బలం."

అన్నయ్యకు అంతకంటే లోతుగా గుచ్చుకున్నది వేరే ఉంది. ఆ ఏడుపు సంగతి ఆయన శాఖలో ఎవరికీ చెప్పలేదు. ఇంటికి చేరాక చెప్పులైనా విప్పకుండా వదిననడిగాడు.

"నువ్వు చెప్పావా?"

"అడిగాడు, చెప్పాను. తమ్ముడేగా, పరాయివాడా?"

"నీకొక్కదానికే చెప్పానే" అన్నాడు అన్నయ్య. వదిన పప్పు ఏరుతున్న పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

శిక్షకుడిగా బాబునే ఎంచుకున్నారు. మొదటి రోజు తోడుగా వెళ్లమని వదిన బతిమాలింది. అన్నయ్య వెళ్లాడు. బావమరిది కోసం కాదు, ఆ పిల్లల కోసం.

తనిఖీ ఆవరణలో ఒక లారీ, అందులో డ్రైవరు, చుట్టూ కొత్త ఇన్‌స్పెక్టర్లు, మైకు పట్టుకుని బాబు. లారీ కిందికి దూరి బ్రేకులు చూపించే ఘట్టం రాగానే మేడం కంగారుపడింది.

"అయ్యో, ఆ కాలితో మీరు దూరకండి సార్! మీ సహాయకుణ్ని దూరమనండి."

బాబు సిగ్గుపడాలి కదా? పడలేదు. "బావా, కాస్త..." అన్నాడు.

అన్నయ్య చొక్కా చేతులు మడిచాడు. బాగున్న కాలి మీద బరువు వేసి వంగబోయి, ఆగి, లారీ తాళం కోసం బాబు వైపు చెయ్యి చాపాడు. "తాళం."

"నా దగ్గరే ఉందిలే."

"తాళం ఇయ్యి."

"నా జేబులో ఉంటే నీ జేబులో ఉన్నట్టే కదా బావా!" బాబు మైకులోనే నవ్వాడు. పిల్లలూ నవ్వారు. "మా బావగారికి కాస్త చాదస్తం లెండి."

"ఉన్నట్టు కాదు" అన్నాడు అన్నయ్య. తర్వాత ఆ పిల్లల వైపు తిరిగి, నెమ్మదిగా చెప్పాడు. "పిల్లలూ, లారీ కిందికి దూరేవాడి జేబులోనే తాళం ఉండాలి. స్నేహితుడు అడిగినా ఇవ్వద్దు. తమ్ముడు అడిగినా ఇవ్వద్దు. ఇచ్చి దూరొద్దు."

చాపిన చెయ్యి అలాగే ఉంది. నవ్వులు ఆగిపోయాయి. బాబు తాళం తీసి ఇచ్చాడు. అన్నయ్య దాన్ని జేబులో వేసుకుని, గుండీ పెట్టి, వెల్లకిలా కిందికి జరిగాడు. డ్రైవరును బ్రేకు తొక్కమని, లోపలి కడ్డీ ఎంత కదిలిందో సుద్దతో గీసి, పిల్లలను వంగి చూడమని, అంతా నేర్పాడు. కింద ఆయన చెప్పిన ప్రతి మాటనూ పైన బాబు మైకులో మళ్లీ చెప్పాడు. పిల్లలు మైకు వైపే చూసి తలలూపారు.

బయటికి వచ్చి దుమ్ము దులుపుకుంటుంటే ఒక అమ్మాయి మర్యాదగా, "సారు దగ్గర బాగా నేర్చుకున్నారండీ" అంది. అన్నయ్య ఆ తాళాన్ని డ్రైవరుకిచ్చి, బాబు కారెక్కకుండా నాతోపాటు బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున్నే బాబు ఫోను చేశాడు. నేనప్పుడు వాళ్ల వరండాలోనే ఉన్నాను. వదిన ఫోను అరచేత్తో మూసి, "ఇంట్లో లేరని చెప్పమంటారా?" అంది.

"ఎందుకు అబద్ధం? ఉన్నాడనే చెప్పు. శిక్షణకు రాడని చెప్పు."

వదిన, "ఇంట్లోనే ఉన్నార్రా" అంది. రెండో మాట ఆవిడ నోట రాలేదు. ఫోను తెచ్చి ఆయన చేతిలో పెట్టేసింది.

అన్నయ్య ఆవిడ ముఖంలోకి ఒకసారి చూశాడు. అవతల బాబు చాలాసేపే మాట్లాడినట్టున్నాడు. మధ్యలో బతిమాలుడు, నవ్వు, మళ్లీ బతిమాలుడు నాక్కూడా వినపడ్డాయి. అన్నయ్య అంతా విన్నాడు.

"రాను" అని ఫోను పెట్టేశాడు.