రాతల టీచరు చెయ్యి విరిగినప్పుడు

మా బడిలో రెండో తరగతి చెప్పే అక్కని అందరూ రాతల టీచరనే పిలిచేవాళ్లు. పేరు పెట్టింది పిల్లలే అయినా ఆవిడ దాన్ని బిరుదులా చూసుకునేది. పొద్దున పాఠం చూసి నోట్సులోకి ఎక్కించడం, మధ్యాహ్నం గుణింతాలు, సాయంత్రం ఇంటికి మళ్లీ రాత. పేజీలు నింపుకు రానివాళ్లు ఆటల పీరియడులో కూర్చుని నింపాల్సిందే. అలాగని కొట్టే మనిషి కాదు, కసిరే మనిషి కూడా కాదు. "రాస్తేనే వస్తుంది నాన్నా, రాయకపోతే ఎలా వస్తుంది?" అనేది. ఆ మాట మనసారా నమ్మేది.

నేను పక్కగదిలో మూడో తరగతి చెప్తాను, వరస లేకపోయినా ఆవిడని అక్కా అనే పిలుస్తాను. అక్క దగ్గర్నుంచి నా దగ్గరికొచ్చే పిల్లల దస్తూరీ ముత్యాలు పేర్చినట్టుండేది. కానీ "మీ అంతట మీరు ఒక వాక్యం రాయండి" అంటే మాత్రం అంతా గుడ్లప్పగించి నా ముఖం చూసేవాళ్లు.

ఆ ఏడు అక్క తరగతిలో ఒక బక్కపిల్ల చేరింది. నోరు తెరిస్తే మూయదు కాబట్టి అందరూ పిట్ట అనేవాళ్లు. రాతకి కూర్చోబెడితే మాత్రం ఆ పిట్టకి రెక్కలు విరిగేవి. పెన్సిలు పిడికిలి బిగించి పట్టుకుని, నాలుక బయటపెట్టి, కాగితం చిరిగేలా నొక్కేది. సగం పేజీ అయ్యేసరికి కళ్లనిండా నీళ్లు. వాళ్లమ్మ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి ఆ మిగిలిన సగం రాయించేసరికి ఆవిడ తలప్రాణం తోకకొచ్చేది. ఒకరోజు గేటు దగ్గర, "ఇంటికొస్తే కూతురు ఎదురు రావడం మానేసింది టీచర్. నన్ను చూస్తే హోంవర్కే గుర్తొస్తోంది దానికి" అంది. అక్క "అలవాటవుతుందిలెండి" అని సర్దిచెప్పింది.

వానలు మొదలైన కొత్తల్లో, గోడమీద చార్టు అంటించబోయి అక్క బల్లమీంచి పడింది. కుడి మణికట్టు విరిగింది. డాక్టరు మోచేతిదాకా కట్టు వేసి విశ్రాంతి తీసుకోమన్నాడు. "నోరు బాగానే ఉందిగా!" అంటూ చెయ్యి మెడకి వేలాడేసుకుని వచ్చేసింది మా అక్క.

ఆరోజు పాఠం చెప్పి, అలవాటు కొద్దీ బోర్డు దగ్గరికెళ్లి ఎడమచేత్తో సుద్దముక్క పట్టుకుంది. మొదటి అక్షరం పక్కకి ఒరిగిపోయింది. దాని ఒత్తు ఇంకెక్కడో వేలాడింది. ఒక్క వాక్యం రాసేసరికి భుజం పీకేసింది, నుదుటికి చెమట పట్టింది. అన్నిటికన్నా విచిత్రం, అసలు ఏం రాయాలనుకుందో మధ్యలో మర్చిపోయింది. ధ్యాసంతా అక్షరాన్ని నిలబెట్టడం మీదే ఉంది మరి. పిల్లలు కిసుక్కున నవ్వారు. పిట్ట నవ్వలేదు. లేచి బోర్డు దగ్గరికి వచ్చింది.

"టీచర్, అంత గట్టిగా నొక్కకండి. నొప్పెడితే కాసేపు ఆపెయ్యండి. నేనేం అనను."

ఇంటర్వెల్ కాగానే అక్క నా గదికొచ్చి కూలబడింది. జరిగింది చెప్పి, "చూశావా, అది నన్ను ఆపెయ్యమంది! ఆ మాట నేను దానికెప్పుడూ చెప్పలేదే!" అంది.

"ఇప్పుడేం చేస్తావక్కా?"

"రాత మానిపించనులే. మానేస్తే చెయ్యి తిరగదు. కానీ ఆ చెయ్యి అలిసిపోయాక రాయిస్తే అది చదువు కాదు, చాకిరీ."

మర్నాటి నుంచి ఆ గదిలోంచి మాటలు వినపడడం మొదలైంది. దారిలో చూసిందో, ఇంట్లో విన్నదో ముందు పిల్లలు నోటితో చెప్పాలి. అందులోంచి తమకి నచ్చిన ఒక్క వాక్యం రాయాలి. హుషారుగా ఉంటే రెండు. చేతివేళ్లకి బలం రావడానికి బంకమట్టితో అక్షరాలు చేసేవాళ్లు. గుణింతాలు రోజూ ఉండేవి, కాకపోతే ఒక్క వరస. వేళ్లు నొప్పెట్టకముందే పెన్సిలు కింద పెట్టేయాలి. ఇంటికి రాత లేదు.

కొన్నాళ్లకి పిట్ట రాసిన వాక్యాన్ని అక్క నాకు తెచ్చి చూపించింది. ఒత్తు ఒకటి ఎగిరిపోయింది గానీ మాట మాత్రం నిలబడింది: "మా అమ్మ చెపులు విప్పగానే నవ్వుతుంది."

అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒక తాతగారు వచ్చిపడ్డారు. ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. మనవడి నోట్సు హెడ్‌మాష్టారి బల్లమీద పెట్టి, "ఇదేం చదువండీ, పేజీలన్నీ తెల్లగా మెరుస్తున్నాయి!" అని నిలదీశారు.

మా హెడ్‌మాష్టారు మంచివారే, కాస్త భయస్తులు. అక్కని పిలిచి, "అమ్మా, పక్కవీధి బడిలో ఎల్కేజీ వాళ్లే పేజీలు నింపేస్తున్నారు. మనవాళ్లంతా అటు పోతే మన గతేం కాను?" అన్నారు.

"నెలాఖరు పరీక్షల దాకా ఆగండి సార్. పిల్లలు వెనకబడితే పాత పద్ధతికే వచ్చేస్తాను."

పైకి ధీమాగానే అంది. స్టాఫ్ రూములోకి వచ్చాక మాత్రం, "నా మాట తప్పయితే పిల్లలకి ఏడాది పాడవుతుందే" అని నా దగ్గర గొణిగింది. పరీక్షలయ్యే వరకు ఆవిడకి అన్నం సయించలేదు.

డిక్టేషన్ హెడ్‌మాష్టారే స్వయంగా చెప్పారు. పేపర్లు దిద్దమని నాకిచ్చారు. పిల్లలేమీ పండితులైపోలేదు. డిక్టేషన్‌లో తప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి, ఎక్కువ మాత్రం కాలేదు. దస్తూరీ కొంచెం తగ్గింది. కానీ బొమ్మ చూసి రాయమన్న చోట ఒక్కరూ ఖాళీ వదల్లేదు. తాతగారి మనవడైతే బొమ్మలోని కుక్కకి పంటినొప్పని కథ అల్లేసి, చోటు చాలక వెనకవైపు కూడా రాశాడు. నేను గట్టిగా నవ్వేస్తే హెడ్‌మాష్టారు కూడా వచ్చి చదివి నవ్వారు. అక్కకి కబురు చెప్పడానికి వెళ్తే, ముందు నమ్మలేదు. పేపర్లు ఒక్కొక్కటీ చూసుకుని, "హమ్మయ్య!" అని కుర్చీలో వెనక్కి వాలింది.

ఆ తర్వాత తల్లిదండ్రుల మీటింగులో హెడ్‌మాష్టారు ఆ పేపర్లు అందరి ముందూ పెట్టారు. తాతగారు కళ్లజోడు సవరించుకుని మనవడి కథ చివరికంటా చదివారు. "వీడు నాకు ఇంట్లో ఇన్ని మాటలు చెప్పడే!" అన్నారు ఆశ్చర్యంగా.

పిట్ట వాళ్లమ్మ డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. "నాకు మార్కుల సంగతి తెలీదండీ. సాయంత్రాలు మా ఇంట్లో ఏడుపు పోయింది. పిల్ల బస్సులో వస్తూ బోర్డులన్నీ చదువుతోంది. ఇలాగే సాగనివ్వండి" అంది.

తాతగారు ఊరికే వదల్లేదు. "రాత మరీ తగ్గితే రేపు పెద్ద తరగతుల్లో ఇబ్బంది కాదూ?" అన్నారు.

"పెంచుతామండీ. చెయ్యి గట్టిపడేకొద్దీ పెంచుతాం. మీ వాడు వెనకవైపు కూడా రాసింది ఎవరూ చెప్పకుండానే కదా?" అంది అక్క. ఆయన ఒప్పుకున్నట్టు తలాడించారు.

కట్టు విప్పిన రోజు హెడ్‌మాష్టారు గుమ్మం దగ్గర ఆపి, "చెయ్యి బాగైందిగా. పాత పద్ధతి మొదలెడతారేమో అని భయంగా ఉందమ్మా" అన్నారు. ఆయన నోటివెంట ఆ మాట వస్తుందని మేమెవరం అనుకోలేదు. అక్క పకపకా నవ్వింది.

ఆ ఆదివారం ఆవిడ తన చెల్లెలింటికి వెళ్లిందట. కడుపునిండా భోంచేసి, మాట్లాడుతూ మాట్లాడుతూనే సోఫాలో నిద్రపోయిందట. మళ్లీ సాయంత్రం టీ వేళకి లేపాల్సి వచ్చిందని చెల్లెలే నాతో చెప్పింది.