ఆర్లిస్ ఇంట్లో పద్నాలుగు వాయిద్యాలు

ఆర్లిస్ స్టాంపర్ కలప కోసే మిల్లులో పనిచేసేవాడు. వారం జీతం చేతికొస్తే ఇల్లు చేరేలోపే సగం ఏ ఫిడేలుకో బాంజోకో పోయేది. వర్జీనియా కొండల్లో బ్లూగ్రాస్ సంగీతం వాయించే వాళ్ళందరికీ ఈ పిచ్చి కొంత ఉన్నదే గానీ, ఆర్లిస్‌ది బాగా ముదిరింది. మంచం కింద గిటార్లు, బీరువా వెనక బాంజోలు, ఇస్త్రీ బల్ల మీద ఫిడేళ్ళు. గొడ్ల కొట్టానికి రేకులు వేయిద్దామని దాచిన డబ్బుతో, ఇంట్లో ఒకటి ఉండగానే ఇంకో పాత మాండలిన్ పట్టుకొచ్చాడు.

"ఉన్నదానికేమైంది?" అంది భార్య ఒనీడా.

"దాని గొంతు వేరు, దీని గొంతు వేరు. విను."

"నాకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. కొట్టంలో వాన కురిసే చప్పుడు మాత్రం బాగా వినిపిస్తోంది."

శుక్రవారం సాయంత్రాలు పాత బడి గదిలో నలుగురూ చేరి వాయించేవాళ్ళు. ఒనీడా ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి రొట్టె పట్టుకెళ్ళి, ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఊరుకునేది.

యాభై రెండో ఏట రంపం ఆర్లిస్ ఎడమచేతి చివరి రెండు వేళ్ళు తీసేసింది. తీగలు నొక్కే చెయ్యి అది. గాయం మానింది, మిల్లువాళ్ళు గేటు దగ్గర పని ఇచ్చారు. అతను మాత్రం బడి గదివైపు వెళ్ళడం మానేశాడు. ఒకరోజు పొద్దున్నే కాఫీ కప్పు పక్కకి నెట్టి, "అన్నీ అమ్మేద్దాం ఒనీడా. ఇక వీటిని చూడలేను" అన్నాడు.

రోనోక్ నుంచి ప్రూయిట్ అనే వ్యాపారి వచ్చాడు. ముందుగదిలో పరిచిన పద్నాలుగింటినీ ఒక్కొక్కటే తిప్పి చూశాడు, లోపలికి టార్చి వేసి చూశాడు. చివరికి ఆ పాత మాండలిన్ ఎత్తి, "కాస్త వాయించి వినిపిస్తారా?" అన్నాడు. అంతలో ఆర్లిస్ చెయ్యి కనబడి, "అయ్యో, ఏమనుకోకండి" అని నాలిక్కరుచుకున్నాడు.

వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తున్న ఒనీడా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మాండలిన్ అందుకుంది. ఒక తీగ వదులైందని మర తిప్పి సరిచేసింది. ఇక ఎత్తుకుంది చూడండి, గుర్రం పరుగులాంటి పాట, ఎక్కడా తడబడకుండా! ప్రూయిట్ టార్చి ఆర్పడం మర్చిపోయాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు ఆర్లిస్.

"తొమ్మిదేళ్ళ నుంచి. ఇంటినిండా ఇవి పెట్టి నువ్వు మిల్లుకి పోయేవాడివి. దుమ్ము తుడుస్తూ తుడుస్తూ ఒకరోజు మీటాను."

"మరి రెండూ ఒక్కలాగే ఉన్నాయన్నావు?"

"తేడా తెలుస్తోందంటే ఇంకోటి తేవూ!"

ఆర్లిస్ నవ్వాడు. వేళ్ళు పోయాక అదే మొదటి నవ్వు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"దీనికెంత చెప్తారు?" అన్నాడు వ్యాపారి.

"అది అమ్మకానికి కాదయ్యా, మా ఆవిడది" అన్నాడు ఆర్లిస్.

పన్నెండు వెళ్ళిపోయాయి. మాండలిన్‌తోపాటు ఒళ్ళో పడుకోబెట్టి వాయించే గిటార్ ఒకటి మిగిలింది. చవకగా వచ్చిందని కొని, ఎన్నడూ ముట్టనిది. ఒనీడా దాన్ని అతని ఒళ్ళో పెట్టింది. "దీనికి తీగలు నొక్కే పనేముంది? తీగల మీద ఇనుపకడ్డీ జరుపుకోవడమేగా. మిగిలిన మూడు వేళ్ళూ కడ్డీ పట్టుకోలేవా?"

ఆ చలికాలమంతా ఆ ఇంట్లో పిల్లి తోక తొక్కినట్టు మోత. మార్చిలో ఇద్దరూ బడి గదికి వెళ్ళారు. రెండో పాటలో అతని కడ్డీ జారి నేలమీద పడింది. ఒనీడా ఆగకుండా అతని వంతు కూడా తానే వాయించింది. అతను వంగి, కడ్డీ తీసుకుని, చొక్కాకి తుడిచి, మూడో చరణంలో వచ్చి కలిశాడు.

"ఈసారి గట్టిగా పట్టుకోవయ్యా" అంది ఆమె, చేతులు ఆపకుండానే.