మన చిరుత, మా చిరుత

మా మేనత్తకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఊళ్ళో ఆమెను ‘మేకలామె’ అంటారు గానీ, ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. మామయ్య పోయాక మిగిలిన రెండు మేకలనే మంద చేసింది. తల్లి లేని నన్నూ ఆ మందతోపాటే పెంచింది, తిట్లలో మాత్రం నాకూ మేకలకూ తేడా చూపలేదు.

అడవి అంచున మా వేరుశనగ చేను. పక్కనే దొడ్డి, దాన్ని ఆనుకుని ఇల్లు. ఒకప్పుడు ఆ అడవిలో పందులదే రాజ్యం. కాయ ఊరే రోజుల్లో అత్త చేలోనే కూర్చుని డబ్బా వాయించేది. కాస్త కునుకు పడితే చాలు, చేను దున్నేసినట్టు ఉండేది. చిరుత వచ్చాక పందులు తగ్గాయి. అత్త ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టింది. “దానికి నూరేళ్ళాయుష్షు” అంది అప్పట్లో.

చిరుత వెనకే రిసార్టు వచ్చింది. నేను అందులో దుప్పట్లు ఉతుకుతాను. ముందు గదిలో గోడ నిండా చిరుత బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో ‘మా చిరుతను చూడండి’ అని ఉంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళ జీపులు మా చేలో బండిదారి మీదుగానే గుట్టకు పోతాయి. మొదట్లో మేనేజరు చేతులు కట్టుకుని అడిగితే, పోనీలే అని అత్త ఒప్పుకుంది.

మొన్న ఆ చిరుత దొడ్డి గోడ దూకి చూడి మేకను లాక్కుపోయింది. మిగిలిన తల, కాళ్ళు గోనెసంచిలో వేసుకుని అత్త నేరుగా రిసార్టుకు వచ్చి, మేనేజరు అద్దాల బల్ల మీద పెట్టింది. అతిథులు కాఫీ కప్పులతో సహా లేచి నిలబడ్డారు.

“అయ్యో, ఏం చేస్తామమ్మా! మన చిరుతే కదా. మనమే సర్దుకుపోవాలి” అన్నాడు మేనేజరు.

అత్త గోడ వైపు వేలు చూపించింది. “అక్కడేం రాశావు? బొమ్మకైతే మా చిరుత, మేక పోతే మన చిరుతా? సర్దుకున్నది చాలు. దొడ్డి మీద ఇనుప వల వేయించు.”

“ఓనరుగారిని అడిగి చెప్తాను.”

లాభానికి ‘మా’, నష్టానికి ‘మన’. ఈ వ్యాకరణం ఆయనకు ఏ బళ్ళో నేర్పారో! ఓనరుగారి దగ్గర్నుంచి కబురూ లేదు, కాకరకాయా లేదు. ఇంకో మేక పోతే తప్ప వీళ్ళకు చెవికెక్కదని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సంగతి ఎలా తెలిసిందో ఏమో, తుపాకీని గుడ్డలో చుట్టుకుని ఒక వేటగాడు మా వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు.

“అక్కా, అది నీళ్ళకు ఎటు దిగుతుందో నీకు తెలుసు. చోటు చూపించు చాలు. నీకు పీడ విరగడవుతుంది.”

అత్త పొద్దున లేచిన దగ్గర్నుంచి దాని నోట్లో మన్ను పడాలని తిడుతున్న మనిషే. చెప్పేస్తుందనే అనుకున్నాను.

“దాన్ని చంపితే పందుల నుంచి చేను నువ్వు కాస్తావా?” అంది.

“అది నాకేం పట్టింది?”

“పట్టదు. తోలు తీసుకుని నువ్వు పోతావు. డబ్బా వాయించుకుంటూ నేను కూర్చోవాలి. అది మా చిరుత. తిట్టేదీ నేనే, తిండి పెట్టిందీ నేనే. మధ్యలో నువ్వెవడివి? లే ముందు!”

మేకలు తోలే కర్ర ఎత్తి, వాడు లేచేదాకా దించలేదు.

వాణ్ణి తరిమిన చేత్తోనే కత్తి తీసుకుని కంప కొట్టి బండిదారికి అడ్డంగా వేసింది. మర్నాడు జీపు అక్కడే ఆగిపోయింది. మేనేజరు చెమటలు కక్కుతూ నడిచొచ్చాడు.

“ఇదేంటమ్మా, ఇది మన దారి కదా!”

“కాదయ్యా. ఇది మా దారి. నా దొడ్డి మీద వల పడిన రోజు తీస్తా.”

మధ్యాహ్నం నన్ను చాకిరేవు గదిలోంచి పిలిపించాడు. ఇన్నాళ్ళూ ‘ఏయ్ దుప్పట్లూ’ అని పిలిచిన మనిషి కుర్చీ చూపించాడు. నా చేతులకింకా సబ్బు నురగ ఉంది.

“నువ్వు మనమ్మాయివి. మీ అత్తకు నచ్చజెప్పి ఆ కంప తీయించు. లేదంటే రేపట్నుంచి...” అని ఆగాడు.

చేతులు ఆయన కుర్చీకే తుడిచి ఇంటికి వచ్చేశాను.

అత్త ఇంకో కంప కొడుతోంది. “ఏమన్నాడే మీ మేనేజరు?” అంది తలెత్తకుండానే.

“మనమ్మాయివి అన్నాడు.”

మేక పోయాక అత్త నవ్వడం అదే మొదటిసారి.

“అయితే నీ ఉద్యోగం ఊడినట్టే. ఇదిగో, ఆ కొస పట్టుకో.”